రెక్కలు మనవి, ఇంజను పరులది

1940లో వాల్‌చంద్ హీరాచందుగారు బెంగుళూరున స్థాపించిన విమాన కర్మాగారము నేటి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు మూలము. 2024-25 సంవత్సరమున ఈ సంస్థ వ్యాపారము 30 వేల కోట్ల రూపాయలకు మించినది. వాయుసేనకై 2021లో 83, 2025లో 97 తేజస్ విమానములకు ఒడంబడికలు జరిగినవి. మిక్కిలి సంతోషము.

కాని 2024లో అందవలసిన తేజస్ మార్క్-1ఏ విమానములు గడువునకు అందలేదు. అమెరికానుండి రావలసిన ఎఫ్-404 ఇంజనుల జాప్యము ఇందులకొక ముఖ్యకారణము; వానిలో మొదటిది 2025 మార్చిలోగాని చేరలేదు. పరులు గుండె నీయనిదే ఎగురలేని పక్షికి ఆకాశమెంత విశాలమైన నేమి?

1989లో తలపెట్టిన కావేరి ఇంజను తేజస్‌నకు అక్కరకు రాలేదు. అంతమాత్రమున నిరాశ తగదు. చేతనున్న ఆర్డర్లను లెక్కించుకొని తృప్తిపడక, లాభములో పెద్దభాగమును ఇంజను పరిశోధనకు వెచ్చింపవలెనని మేము ప్రభుత్వమునకు విన్నవించుచున్నాము. ఇంజను మనదైననాడే ఆకాశమున మనకు స్వరాజ్యము.