బొమ్మలగుట్ట ఎక్కితే... పద్యం!

కొండగట్టు అంజన్న దగ్గరకు కరీంనగర్ నుంచి బయల్దేరిన బస్సులు గంగాధర మీదుగా దూసుకుపోతుంటాయి. ఆ దారిలోనే, కురిక్యాల దగ్గర బండలు పేర్చినట్టుండే ఓ గుట్ట. తల తిప్పి చూసేవాళ్లు తక్కువ. చందుర్తి, వేములవాడ వైపు గుట్ట అనగానే గుర్తొచ్చేది నాంపల్లి గుట్టే మరి!

కానీ చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు, సెలవురోజు నాలుగడుగులు ఎక్కాలనుకునే కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఈ బొమ్మలగుట్టకే. ఎత్తు పెద్దగా ఉండదు. ఆల్ప్స్‌లోలా మంచూ, దారి పొడవునా పసుపుపచ్చ బోర్డులూ ఆశిస్తే నిరాశే. ఇక్కడి బండ మీద ఉన్నది బాణం గుర్తు కాదు... కందపద్యం!

పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల రాజు రెండో అరికేసరి. ఆయన ఆస్థాన కవి పంపడు కన్నడంలో ఆదికవి అనిపించుకున్నాడు. ఆ పంపడి తమ్ముడే జినవల్లభుడు. ఈ గుట్ట మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి దేవి రూపం చెక్కించి, కిందే సంస్కృతం, కన్నడం, తెలుగు... మూడు భాషల్లో శాసనం వేయించాడు. సుమారు 945 నాటిదని పండితుల లెక్క. తెలుగు భాగంలో ఉన్నవి మూడు కందాలు. నన్నయ భారతం రాయడానికి దాదాపు వందేళ్ల ముందే తెలంగాణలో కందం ఇంత చక్కగా నడిచిందన్నమాట! పంపడి పూర్వీకులది గుంటూరు ప్రాంతంలోని వంగిపర్రు అని చెప్పిందీ ఈ బండే. అన్నగారి వంశచరిత్ర కోసం కన్నడ పండితులు సైతం తమ్ముడి రాతనే ఆశ్రయించాల్సి వచ్చింది. చక్రేశ్వరి మాత్రం ఊరివాళ్లకు ఎప్పుడో బొమ్మలమ్మ అయిపోయింది.

2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఈ శాసనం పేరు మళ్లీ గట్టిగా వినబడింది. చిక్కేమిటంటే, కరీంనగర్ గ్రానైట్‌కు విదేశాల్లో గిరాకీ ఎక్కువ. టాన్ బ్రౌన్ రాయి అంటే చైనా దాకా తెలుసు. ఆ తవ్వకాల భయం బొమ్మలగుట్టనూ తాకింది. చరిత్రకారులూ భాషాభిమానులూ గోల చేశారు. చేయకేం చేస్తారు? తాళపత్రమైతే నకలు రాసుకోవచ్చు, గుట్టకు నకలెక్కడిది! జిల్లాలో ఎన్నో గుట్టలు దిమ్మెలై లారీలెక్కాయి. వాటి మీద ఏం రాసుందో, అసలు ఏమైనా రాసుందో, ఇక చూసే వీల్లేదు.

వెళ్లాలనుకుంటే కరీంనగర్-జగిత్యాల బస్సెక్కి కురిక్యాల దగ్గర దిగాలి. ఎండ ముదరకముందే ఎక్కేయడం మేలు, బండ కాలిందంటే చెయ్యి ఆనదు. నీళ్లసీసా వెంట ఉండాలి. అక్షరాలు సరిగ్గా కనబడ్డం లేదని సుద్దముక్క మాత్రం రుద్దొద్దు. ఏటవాలు ఎండ పడితే అవే తేలతాయి.