మిల్లీసెకను మాట

2022 అక్టోబరులో అయిదవ తరపు నిస్తంత్రీ సేవలు మన దేశమున నారంభమైనది మొదలు "ఒక్క మిల్లీసెకను" అను మాట ప్రకటనలయందు మారుమ్రోగుచున్నది. వాయిదాలకలవాటుపడిన న్యాయవాదులకు మిల్లీసెకనుతో నేమి పనియని చదువరులు నవ్వవచ్చును. కాని ఆ మాట అర్ధసత్యమని మేము చెప్పక తప్పదు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిర్దేశించిన ఆ మిల్లీసెకను, ఆలస్యమును సహింపజాలని కొన్ని సేవలకు మాత్రమే. అదియును ఫోనునకును స్తంభమునకును నడుమనున్న గాలిదారికే. నాల్గవ తరమున ఒక మిల్లీసెకనుగా నుండిన ప్రసారఖండమును నూతన పద్ధతిలో, ఉన్నత తరంగములయందు, ఎనిమిదవ వంతువరకు కుదించిరి. ఇంజనీర్ల ప్రతిభ శ్లాఘనీయమే. స్తంభము దాటిన పిమ్మటనో? గాజుతీగలో వెలుగు మిల్లీసెకనునకు సుమారు 200 కిలోమీటర్లే పోగలదు. విశాఖపట్టణమునుండి పంపిన ప్రశ్న సింగపూరులోని యంత్రమును చేరి మరలివచ్చుటకు దారికే 25 మిల్లీసెకనులకు పైగా చెల్లవలెను.

2022 వేలములో తరంగములకై కంపెనీలు సుమారు లక్షన్నర కోట్ల రూపాయల కొప్పుకొన్నవి. గాలిని కొన్నారు, దూరమును తగ్గించుటకెంత వెచ్చించిరి? స్వదేశపు సమాచారము విదేశములు చుట్టిరాకుండుటకే 2003లో నిక్సీ యను మార్పిడి సంస్థ స్థాపింపబడినది. ఆ పని ఇక జిల్లాపట్టణములవరకు సాగవలెను. యంత్రశాలలు ప్రజలకు సమీపమున వెలయవలెను. వేగముతోపాటు ఏ పట్టణమున నెంత జాప్యమో కంపెనీలు నెలనెల ప్రకటించునట్లు ప్రభుత్వము శాసింపవలెను.