నడక నేర్పే తల్లికి తోడేదీ?

ఏడాదిన్నర దాటినా బిడ్డ నిలబడకపోతే ‘కొందరికి నడక ఆలస్యంగానే వస్తుందిలే’ అని ఇంట్లో పెద్దలు ఊరడిస్తారు. ఆ ఊరడింపులోనే విలువైన నెలలు గడిచిపోతున్నాయి. ఆ ఆలస్యానికి సెరిబ్రల్ పాల్సీ కారణం కావచ్చు. అందులో మెదడుకు జరిగిన హాని ముదరదు. కానీ వ్యాయామం లేకపోతే పిక్క కండరాలు బిగిసిపోయి మడమ నేలకు ఆనదు. అందుకే రోజూ పాదాన్ని మెల్లగా పైకి వంచి పట్టుకోవాలి, స్ప్లింట్ తొడగాలి, వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించాలి. చాలా ఇళ్లలో ఈ భారమంతా తల్లిదే, అదీ కూలిపనికి వెళ్లొచ్చాక.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు వచ్చాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఫిజియోథెరపిస్టు ఎప్పుడో ఒకసారి కనిపిస్తే చాలదు. బిడ్డ ఎదిగేకొద్దీ స్ప్లింట్ మార్చాలి. బిగుతైనది చర్మాన్ని ఒరుసుకుని పుండు చేస్తుంది, పిల్లాడు ఏడుస్తాడు, చివరికి అది అటకెక్కుతుంది. కొత్తదాని కోసం ఉపకరణాలు పంచే శిబిరాల దాకా ఆగాల్సిన పని లేకుండా జిల్లా ఆసుపత్రిలోనే కొలతలు తీసి ఇవ్వాలి.

పిల్లలందరూ సొంతంగా నడవలేకపోవచ్చు. వీల్‌చెయిర్‌లో బడికెళ్లే బిడ్డదీ గెలుపే. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి మండలంలో రోజూ అందుబాటులో ఉండే ఫిజియోథెరపిస్టును వెంటనే నియమించాలి.