ఒకే పట్టా, మూడు రిటైర్మెంట్లు

జూన్ వచ్చిందంటే చోడవరంలో బస్టాండు చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. విద్యార్థి ఫొటో, పేరు, ఉద్యోగమిచ్చిన కంపెనీ, కింద పెద్ద అంకెల్లో ఏడాది జీతం. చదువు విలువను తల్లిదండ్రులు ఆ అంకెతోనే తూచుకుంటారు. వాళ్ళ సంగతి అటుంచి, కేంద్రం 2015లో మొదలుపెట్టిన ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో కూడా పట్టా పుచ్చుకుని ఉద్యోగాల్లో చేరినవారి మధ్యస్థ జీతానికి మార్కులున్నాయి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం పూర్వ విద్యార్థుల గురించి ఆరా తీసేటప్పుడు వాళ్ళిచ్చిన విరాళమెంతో చూస్తుంది. చదువు ముగిసిన నలభై ఏళ్ళకు ఆ మనిషి ఎలా బతుకుతున్నాడు, నెలనెలా చేతికేమొస్తోంది, ఇంట్లో తోడెవరున్నారు అన్న ప్రశ్నలకు ఈ కొలతల్లో చోటు లేదు.

చోడవరానికి ఈ ప్రశ్న మరీ దగ్గరిది. చెరుకు, బెల్లం, గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ బతికిన ప్రాంతమిది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలో కలిసేదాకా విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. జిల్లా మారినా చదువుకున్న పిల్లల చూపు విశాఖ మీదే. 1970లు, 80లలో ఇక్కడి రైతు కుటుంబాల పిల్లలు అనకాపల్లి ఏఎంఏఎల్ కాలేజీలోనో, విశాఖ ఏవీఎన్ కాలేజీలోనో డిగ్రీ చేశారు. కొందరు ఆంధ్ర విశ్వవిద్యాలయం దాకా వెళ్ళారు. చాలా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి మనిషి వాళ్ళే. ఇప్పుడా తరానికి అరవై అయిదు, డెబ్భై దాటాయి. వాళ్ళ జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మలివయసు ఎలా గడుస్తుందో తేల్చడంలో వాళ్ళ మార్కుల కంటే, ఉద్యోగం ఏ గేటు లోపల దొరికింది, ఆర్డరు మీద ఏ తేదీ ఉంది అన్నవే ఎక్కువ పనిచేశాయి.

అప్పటి విశాఖలో గేట్లకు కొదవ లేదు. 1933లో పోర్టు, 1941లో సింధియా నౌకానిర్మాణ కేంద్రం, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1966లో బీహెచ్‌పీవీ, ఆ మరుసటి ఏడు కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఉక్కు ఫ్యాక్టరీ మీద. దానికోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. శంకుస్థాపన నాడు హైస్కూల్లో ఉన్న కుర్రాడికి అంకితం నాటికి ముప్పై అయిదేళ్ళొచ్చాయి. మధ్యలో డిగ్రీయో డిప్లొమాయో పూర్తిచేసి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ ఎదురుచూసినవాళ్ళు ఊరూరా ఉన్నారు.

ఒకే ఏడాది బీఎస్సీ పాసైన ముగ్గురిని తీసుకుందాం. ఒకరు బీఎడ్ చేసి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారయ్యారు. రెండోవారికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. మూడోవారు ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరారు.

మాస్టారు పూర్తి సర్వీసు చేసి రిటైరయ్యారు. చివరి జీతంలో దాదాపు సగం పెన్షన్‌గా వస్తుంది. ధరలతోపాటు కరువుభత్యం పెరుగుతుంది. పే రివిజన్ జరిగితే పెన్షనూ సవరిస్తారు. డెబ్భై దాటాక అదనపు మొత్తం కలుస్తుంది. ఆయన తదనంతరం భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఉంది. ఆస్పత్రి ఖర్చుకు ఈహెచ్ఎస్ కార్డు ఉంది. కరువుభత్యం బకాయిలు ఏళ్ళతరబడి నిలిచిపోయాయన్న బాధ పెన్షనర్లకు ఉన్నమాట నిజమే, అది న్యాయమైన బాధే. అయినా ఒకటో తారీఖున ఎంతో కొంత వస్తుందన్న నమ్మకం ఆయనకుంది.

స్టీల్ ప్లాంటు ఉద్యోగి జీతం సర్వీసులో ఉన్నంతకాలం మాస్టారి జీతం కంటే ఎక్కువే. 80లలో పెళ్ళి సంబంధాలు చూసేవారికి ఆ గేటు పాసు మీదే మోజు. రిటైరైన రోజున పీఎఫ్, గ్రాట్యుటీ ఒక్కసారిగా చేతికొచ్చాయి. ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి కూర్మన్నపాలెంలోనో దువ్వాడలోనో ఇల్లు, ఆపైన అమ్మాయి పెళ్ళి, అబ్బాయి అమెరికా చదువు. ఆ మొత్తం అక్కడితో తరిగిపోయింది. నెలనెలా వచ్చేది ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్. 1995 నవంబరు 16న మొదలైన ఈ పథకంలో పెన్షన్‌కు లెక్కలోకి తీసుకునే జీతానికి పరిమితి ఉంది. 2014లో ఆ పరిమితిని 6,500 రూపాయల నుంచి 15,000కు పెంచారు. ఆ జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు. ముప్పై ఏళ్ళ సర్వీసుకు, రెండేళ్ళ బోనసు కలిపినా, పెద్ద పరిమితితోనే లెక్కగట్టినా ఏడు వేలు దాటదు. 1995కు ముందు చేసిన సర్వీసుకు దక్కేది ఇంకా తక్కువ. పైగా దీనికి కరువుభత్యం లేదు. పదేళ్ళ కిందట ఎంతో ఇప్పుడూ అంతే. భర్త పోతే భార్యకు అందులో సగం.

అదే విశాఖలో పోర్టు ట్రస్టులో పాత నిబంధనల కింద చేరినవారికి మాత్రం ప్రభుత్వ ఉద్యోగుల మాదిరి పెన్షన్ ఉంది. ఒకే ఊళ్ళో, ఒకే సముద్రం పక్కన, రెండు కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఇద్దరి మలివయసుల మధ్య ఇంత ఎడం ఉండటానికి న్యాయమైన కారణం చెప్పడం కష్టం.

ఇక లెక్చరరు. వేల మందిని ఎంసెట్ గట్టెక్కించి ఇంజినీర్లనీ డాక్టర్లనీ చేసింది ఈ ప్రైవేటు లెక్చరర్లే. యాజమాన్యం పీఎఫ్ కట్టి ఉంటే ఈపీఎస్ కింద ఏదో కొంత వస్తుంది. ఆ పథకంలో కనీస పెన్షన్ 2014 నుంచి వెయ్యి రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై నుంచి పేద వృద్ధులకిస్తున్న సామాజిక పెన్షన్ 4,000 రూపాయలు. వృద్ధులకు నాలుగు వేలు ఇవ్వడం మంచి పని. పాతికేళ్ళు జీతంలోంచి చందా కట్టినవాడికి దక్కే కనీస మొత్తం అందులో నాలుగో వంతే కావడం మాత్రం సహించదగ్గది కాదు.

తేదీల సంగతి ఇంకా కఠినమైనది. రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు పాత పెన్షన్ లేదు. సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) కింద జీతంలో పది శాతం కోసి, ప్రభుత్వం మరో పది శాతం కలిపి మార్కెట్లో పెడతారు. టీచర్ల నియామకాల కోసం డీఎస్సీ 2003 నోటిఫికేషన్ ఈ తేదీకి ముందే వచ్చింది. అభ్యర్థులు పాత నిబంధనలు చూసుకునే దరఖాస్తు చేశారు. నియామకాలు ఆలస్యమై 2005లో ఆర్డర్లు చేతికందేసరికి వాళ్ళు సీపీఎస్‌లో పడ్డారు. డీఎస్సీ 1998 అభ్యర్థుల కథ అంతకంటే బరువైనది. అర్హత సాధించీ ఉద్యోగం రాక వేల మంది రెండు దశాబ్దాలకు పైగా తిరిగారు. కూలికి వెళ్ళినవారు, సైకిలు మీద బట్టలమ్ముకున్నవారు కూడా వారిలో ఉన్నారు. 2022లో ఉద్యోగాలివ్వడానికి ప్రభుత్వం ఒప్పుకున్నాక మినిమం టైం స్కేలుతో, కాంట్రాక్టు పద్ధతిన బడుల్లో చేరేసరికి చాలామందికి యాభై దాటింది. కొత్త కోడలిలా బెరుగ్గా క్లాసులో అడుగుపెట్టిన ఆ మాస్టార్లకు రిటైర్మెంటు అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది.

రిటైర్మెంటు వయసు కూడా నిలకడగా లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని 58 నుంచి 55కు తగ్గించింది. నిరుద్యోగ యువతకు చోటివ్వాలన్నది ఉద్దేశం. ఫిబ్రవరి 28న వేల మంది ఉద్యోగులు ఒక్కరోజే ఇంటికెళ్ళారు. 1984లో మళ్ళీ 58 అయింది. రాష్ట్రం విడిపోయిన ఏడాది 60, 2022లో 62. ఇప్పుడు పై ఉద్యోగి నాలుగేళ్ళు ఎక్కువ ఉంటే, కింద డిగ్రీ చేతబట్టుకుని నిలబడ్డ కుర్రాడు నాలుగేళ్ళు ఎక్కువ ఎదురుచూడాలి. ఎన్నో ఇళ్ళలో ఆ పెద్దాయనా ఈ కుర్రాడూ తండ్రీకొడుకులే.

ఆ తరం ఆడపిల్లలను ఈ లెక్కలో వేరుగా చూడాలి. డిగ్రీ పూర్తవగానే పెళ్ళై, ఉద్యోగం ఊసే లేకుండా గడిపిన గ్రాడ్యుయేట్లు ఎందరో. వాళ్ళకు సొంత పెన్షన్ లేదు. ఆడపిల్లలకు ఆస్తి హక్కునిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం కూడా 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్ళైనవారికి వర్తించలేదు. ఆ తేదీకి ముందు పెళ్ళైన ఆడపిల్లలకు పుట్టింటి భూమిలో ఆ చట్టం కింద వాటా రాలేదు. భర్త ఏ గేటు లోపల పనిచేశాడన్నదే వాళ్ళ ముదిమిని కూడా తేల్చింది.

దీనికి ఎదురుగా నిలిచే పేరు చిలుకూరి శాంతమ్మ. 1929లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, అక్కడే పాఠాలు చెప్పి 1989లో రిటైరయ్యారు. తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం దగ్గరి సెంచూరియన్ యూనివర్సిటీకి వెళ్ళి పాఠాలు చెప్పారు. ఇంకో పేరు సి.ఆర్. రావు. విశాఖలో గణితంలో ఎంఏ పూర్తిచేసినా ఉద్యోగం దొరక్క కలకత్తా వెళ్ళి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అరవయ్యో పడి ముంగిట్లో అక్కడ రిటైరై అమెరికాలో రెండో ఉద్యోగ జీవితం మొదలుపెట్టారు. 102 ఏళ్ళ వయసులో, 2023లో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు. వీళ్ళ పట్టుదల గొప్పది. దానితోపాటు, వయసు మీరిన మనిషికి బల్లా కుర్చీ వేసి పని ఇచ్చిన సంస్థలు దొరకడం కూడా వాళ్ళ అదృష్టం. చోడవరంలో రిటైరైన లెక్కల మాస్టారికి ఆ కుర్చీ వేసేవారెవరు?

కుటుంబాల సంగతీ మారింది. ఆ తరానికి అయిదారుగురు తోబుట్టువులు. వాళ్ళకు ఇద్దరు పిల్లలు, ఆ పిల్లలకు ఒక్కరు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్య రేటు 1.7. కొడుకు డాలస్‌లోనో కూతురు బెంగళూరులోనో ఉంటే ఇక్కడ ఇద్దరే. మనవడు పుట్టినప్పుడు ఆర్నెల్లు అమ్మమ్మ, ఆర్నెల్లు నాయనమ్మ విమానమెక్కుతారు. వీసా గడువు తీరగానే తిరిగొస్తారు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేస్తే నెలకు పది వేల దాకా ఇప్పించవచ్చు. డబ్బు పంపే పిల్లలున్న ఇంట్లో ఆ చట్టంతో పనిలేదు. కొరత మనిషి తోడుది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో మొదలుపెట్టి 268 మంది విద్యార్థులను ఎంచుకుని, వాళ్ళ ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, జబ్బులు, రిటైర్మెంటు అన్నీ జీవితాంతం నమోదు చేసింది. ఆత్మీయ సంబంధాలు బలంగా ఉన్నవారే వృద్ధాప్యంలో ఆరోగ్యంగా ఉన్నారని తేలింది. అందరూ మగవాళ్ళు, అందరూ తెల్లవాళ్ళు కావడం దాని లోపం. అలాంటి పని ఇక్కడ కుదరదనుకోనక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్ వారి యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని మూడు వేల మంది పిల్లల జీవితాలను శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా వెంబడిస్తూనే ఉంది. దేశమంతటా 45 ఏళ్ళు దాటిన 72,000 మందిని 2017-18లో పలకరించిన ‘లాసీ’ సర్వే కూడా ఉంది.

1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్ళు. అలాంటి అధ్యయనానికి కావలసిన పట్టాల రిజిస్టర్లు దాని దగ్గరే ఉన్నాయి. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు బ్యాచ్‌ల వారీగా ఉన్నాయి. గణాంక శాస్త్రం, అర్థశాస్త్రం, సోషల్ వర్క్ విభాగాలు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. 1975, 1985, 1995 బ్యాచ్‌ల నుంచి, అనుబంధ కాలేజీలతో సహా, కొన్ని వందల మందిని ఎంచుకుని అడగవలసినవి కష్టమైన ప్రశ్నలేమీ కావు. మొదటి ఉద్యోగం ఎప్పుడొచ్చింది? ఏ పెన్షన్ వస్తోంది? ఎవరితో ఉంటున్నారు? ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు? సన్మానాలు చేయదగ్గ ప్రముఖులతోపాటు, ఆ సమ్మేళనాలకు మొహం చెల్లక రానివారిని కూడా వెతికి పట్టుకుని అడగాలి. వాళ్ళు లేని లెక్క తప్పుడు లెక్క అవుతుంది.

సీపీఎస్ స్థానంలో 2023లో రాష్ట్రం గ్యారంటీ పెన్షన్ చట్టం చేసింది. ఉద్యోగ సంఘాలు పాత పెన్షనే కావాలంటున్నాయి. ఈపీఎస్ కనీస మొత్తం పెంచాలని దేశమంతా ధర్నాలు జరుగుతున్నాయి. ఈ వాదనలన్నీ ఖజానా మీద పడే భారం చుట్టూనే తిరుగుతున్నాయి. తక్కువ పెన్షన్‌తో ఒక గ్రాడ్యుయేటు కుటుంబం ఇరవై ఏళ్ళు ఎలా నెట్టుకొస్తుందో చూపే స్థానిక లెక్క బల్ల మీద ఉండాలి. 2005లో బడిలో చేరిన డీఎస్సీ 2003 టీచర్లలో చాలామంది 2030లలో రిటైరవుతారు. వాళ్ళను ఇప్పుడు, సర్వీసులో ఉండగానే, ఆ అధ్యయనంలో చేర్చుకుంటే అప్పటికి పదేళ్ళ సమాచారం చేతిలో ఉంటుంది.