మెయిల్ సర్వర్ చిట్టాను చెరపకండి



కిందటి ఆదివారం కార్యవర్గంలో మన ఆఫీసు మెయిల్ సర్వర్ గురించి పది నిమిషాలు మాట్లాడి, ఏ నిర్ణయమూ చేయకుండా టిఫిన్‌కు లేచిపోయాం. డిస్కు మళ్లీ నిండబోతోంది. అందులో సగానికి పైగా లాగ్ ఫైళ్లే. "అదంతా పాత చెత్త, చెరిపేస్తే సరి" అని ఒకరన్నారు. "సర్క్యులర్ లాగింగ్ పెట్టేయండి, ఇక తలనొప్పే ఉండదు" అని ఇంకొకరన్నారు. రెండూ తప్పని నా అభిప్రాయం. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు లాగ్ అంటే ఏమిటో చూద్దాం. నాలాగ తమిళ మీడియంలో కామర్స్ చదివినవాళ్లకు కుఱిప్పేడు, పేరేడు అంటే వెంటనే తెలుస్తుంది. మన పాత షావుకార్లు వాటినే చిట్టా, ఆవర్జా అనేవారు. (తాలూకా ఆఫీసులో భూమికి ఇచ్చే చిట్టా కాదు, ఏ రోజు పద్దు ఆ రోజు రాసుకునే చిట్టా.) మన సర్వర్‌లో ఉన్నది మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్. మెయిలు వచ్చినా, పంపినా, చెరిపినా ఆ మార్పును అది ముందు లాగ్ ఫైల్లో రాస్తుంది. తర్వాత వీలు చూసుకుని ఈడీబీ అనే పెద్ద ఫైల్లోకి ఎక్కిస్తుంది. లాగ్ చిట్టా, ఈడీబీ ఆవర్జా. ఒక్కో లాగ్ ఫైలు 1 ఎంబీ. 2003 వెర్షన్ వరకు 5 ఎంబీ ఉండేది. ఒకటి నిండగానే దానికి వరుస నంబరు వేసి పక్కన పెట్టి, కొత్తది మొదలుపెడుతుంది. ఎంతవరకు ఆవర్జాకు ఎక్కిందో చెక్‌పాయింట్ అనే చిన్న ఫైల్లో గుర్తు పెట్టుకుంటుంది.

ఈ చిట్టాతో రెండు ఉపయోగాలు. కరెంటు పోయి సర్వర్ హఠాత్తుగా ఆగిపోతే, తిరిగి లేచినప్పుడు గుర్తు తర్వాతి లాగులు చదివి, ఎక్కని పద్దులు ఎక్కించుకుంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఆదివారం బ్యాకప్ తీసి గురువారం డిస్కు కాలిపోయిందనుకోండి. లాగులు వేరే డిస్కులో భద్రంగా ఉంటే, ఆదివారం నాటి ఆవర్జాను తెచ్చి పెట్టి, నాలుగు రోజుల చిట్టాను దాని మీద నడిపిస్తే గురువారం దాకా వచ్చిన మెయిళ్లన్నీ తిరిగి వస్తాయి.

బుకింగ్ ఆఫీసులో పనిచేసినవాణ్ని. ప్రతి బండికీ టికెట్ల ముగింపు నంబర్లు, వసూలైన సొమ్ము డీటీసీ పుస్తకంలో రాసేవాళ్లం. నెలాఖరు బ్యాలెన్స్ షీటు దాని మీద నిలబడేది. అల్మారా నిండిందని చెప్పి ఏ గుమస్తా అయినా పాత డీటీసీ పుస్తకాలు సొంతంగా చింపేస్తాడా? అకౌంట్స్ ఇన్‌స్పెక్టరు చూసి, ఉంచవలసిన గడువు తీరి, పైనుంచి అనుమతి వచ్చాకే అవి బయటికి పోయేవి. ఎక్స్చేంజ్‌లో ఆ ఇన్‌స్పెక్టరు పని చేసేది బ్యాకప్. ఫుల్ బ్యాకప్ సక్రమంగా ముగిస్తే, ఇక అవసరం లేని లాగులను సర్వరే తీసేస్తుంది. మనం చెయ్యి పెట్టవలసిన పనే లేదు. కాబట్టి లాగులు గుట్టలుగా పడి ఉన్నాయంటే బ్యాకప్ జరగడం లేదని అర్థం. మనం తిట్టవలసింది లాగులను కాదు.

రెండేళ్ల కిందట జరిగింది గుర్తుందా? వానాకాలం, యూపీఎస్ చేతులెత్తేసింది, సర్వర్ ఆగిపోయింది. లేపితే డిస్కు నిండిందని మొరాయించింది. సాయానికి వచ్చిన అబ్బాయి మంచివాడే, మన పిల్లవాడే. ఈ00తో మొదలయ్యే ఫైళ్లన్నీ ఒక్క దెబ్బకు చెరిపేశాడు. ఎక్కని పద్దులున్న లాగులు కూడా అందులో పోయాయి. డేటాబేస్ డర్టీ షట్‌డౌన్‌లో ఉందని, ఫలానా లాగులు కావాలని ఎసియుటిల్ చూపించింది. అవి ఎక్కడున్నాయి? బ్యాకప్ ఉంది కదా అనుకున్నాం. చూస్తే అది వారానికోసారి ఫోల్డర్‌ను బయటి డిస్కుకు కాపీ చేసే ఏర్పాటు మాత్రమే. సర్వర్ నడుస్తుండగా ఈడీబీ ఫైలు వాడకంలో ఉంటుంది, మామూలు కాపీకి దొరకదు. ప్రతి వారం దాన్ని వదిలేసి మిగతావి కాపీ అయ్యాయి. చివరికి రిపేర్ చేయించాం. రిపేర్ అంటే వైద్యం అనుకోకండి, అర్థంకాని పేజీలను పారేసి మిగిలినదాన్ని నిలబెట్టడం. పోయినవాటిలో పండగ శుభాకాంక్షలు ఉంటే నేనింత రాయను. 2006 తమిళం తప్పనిసరి చట్టం వచ్చాక మన పిల్లల తెలుగు పరీక్ష గురించి మనం రాసిన అర్జీలు, వాటికి వచ్చిన జవాబులు కొన్ని పోయాయి. అవి మళ్లీ ఎవరిని అడగాలి?

అందరూ పాత మెయిళ్లు చెరిపేస్తే డిస్కు ఖాళీ అవుతుందని మొన్న గ్రూపులో రాశారు. కాదు. చెరపడం కూడా ఒక పద్దే, దానికీ లాగ్ రాస్తుంది. ఈడీబీ ఫైలూ చిన్నది కాదు, లోపల ఖాళీ జాగా ఏర్పడుతుంది అంతే. ఖాళీ కోసం చెరిపిన రోజునే లాగులు ఇంకా పెరుగుతాయి.

ఇక సర్క్యులర్ లాగింగ్. అది పెడితే ఆవర్జాకు ఎక్కిన లాగులను బ్యాకప్ కోసం ఆగకుండా తీసేస్తుంది. డిస్కు నిండదు, నిజమే. కానీ ఏదైనా అయితే చివరి ఫుల్ బ్యాకప్ రోజుకే వెనక్కి పోతాం, ఆ తర్వాతివి గోవిందా. ఇన్‌క్రిమెంటల్ బ్యాకప్ కూడా కుదరదు. పెద్ద కంపెనీలు పెట్టుకుంటాయని వాదించారు. వాళ్లకు అదే డేటాబేస్‌కు వేరు వేరు సర్వర్లలో మూడు నాలుగు నకళ్లు ఉంటాయి. మనకు ఒకే ఒక్క మిషను, అదీ దానంగా వచ్చింది.

మరి ఇప్పుడు ఏం చేయాలి? డిస్కు పూర్తిగా నిండకముందే విండోస్ సర్వర్ బ్యాకప్‌తో, లాగులున్న డ్రైవూ ఈడీబీ ఉన్న డ్రైవూ రెండూ కలిపి ఫుల్ బ్యాకప్ తీయాలి. అందులో వీఎస్ఎస్ ఫుల్, వీఎస్ఎస్ కాపీ అని రెండు ఉంటాయి. ఫుల్ ఎంచుకోవాలి, కాపీ ఎంచుకుంటే లాగులు కదలవు. అయ్యాక ఈవెంట్ వ్యూయర్‌లో 224 కనిపిస్తే లాగులు తీసినట్టు, 225 కనిపిస్తే తీయడానికి ఏమీ దొరకలేదన్నట్టు. ఈలోపల జాగా అవసరమైతే ఇనెట్‌పబ్ ఫోల్డర్‌లోని ఐఐఎస్ లాగులు, ఆగిపోయిన పాతవి, తీయవచ్చు. అవీ లాగులే, కానీ ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకున్న గేటు పుస్తకం లాంటివి. పేరు ఒకటే కావడం వల్లే ఈ గందరగోళమంతా. యాంటీవైరస్‌కు కూడా ఎక్స్చేంజ్ ఫోల్డర్ల జోలికి పోవద్దని చెప్పి పెట్టాలి. అది లాగ్‌ను అనుమానించి తీసుకుపోయినా మన గతి అదే.

2016, 2019 వెర్షన్లకు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, బయటి సర్వీసుకు మారిపోదాం అన్న మాట కూడా ఉంది. మారదాం, నాకు పట్టుదల లేదు. మారే రోజు దాకా మాత్రం ఈ మిషనులో ఉన్నదే మన రికార్డు.

వచ్చే కార్యవర్గంలో రెండు బయటి డిస్కులు కొనడానికి, ప్రతి సోమవారం బ్యాకప్ అయిందా లేదా చూసి పుస్తకంలో సంతకం పెట్టే మనిషి ఒకరిని నియమించడానికి తీర్మానం పెడుతున్నాను. వేరెవరూ రాకపోతే ఆ సంతకం నేను పెడతాను. రెండో డిస్కు ఆఫీసులో కాక వేరేచోట ఉండాలి. మా ఇంట్లో ఉంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, కోశాధికారి గారు రసీదు రాసి ఇస్తే చాలు.