పాత జీపు సైలెన్సర్: రిపేరు ఏది, మోత ఏది?

మోడిఫైడ్ సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించడం హైదరాబాద్, విశాఖ వాళ్లకు కొత్త కాదు. పట్టుబడేవి ఎక్కువగా బైకులవే. అర్ధరాత్రి గల్లీలో టపటపలాడించుకుంటూ పోయే కుర్రాళ్ల మీద ఎవరికీ జాలి లేదు, ఉండాల్సిన పనీ లేదు. ఇంట్లో పసిపిల్లలు, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఆ మోత ఏంటో తెలుస్తుంది. కానీ ఇవే సెక్షన్ల కిందకు ఇంకో బండి కూడా రావచ్చు. అది తాతల నాటి జీపు.

1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి పెట్టిన కంపెనీకి మొదటి పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, ఇక్కడ కంపెనీ పేరు మారింది. విల్లీస్ జీపులను మన దేశంలో బిగించింది ఆ కంపెనీయే. తర్వాత సీజే3బీ, ఎంఎం540 లాంటివి పొలాలకు, అడవి దారులకు, పోలీస్ స్టేషన్లకు కూడా తిరిగాయి. చాలాన్ రాసే శాఖే ఒకప్పుడు వీటిలో తిరిగింది!

ఈ బండ్లకు ముందు పోయేది సైలెన్సరే. పొగతో పాటు వచ్చే నీటి ఆవిరి లోపల చల్లబడి నీరవుతుంది. వారానికోసారి స్టార్ట్ చేసి పక్క వీధి దాకా తిప్పే జీపులో ఆ నీరు ఆరదు, డబ్బా లోపలి నుంచి తుప్పు పడుతుంది. కంపెనీ పార్టు దొరకడం కష్టం. దాంతో ఉస్తాద్ పైపు కోసి, వంచి, వెల్డింగ్ చేసి లోకల్ సైలెన్సర్ బిగిస్తాడు. ఇది షోకు కాదు, అవసరం.

మరి చట్టం ఏమంటుంది? ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, సీట్లు, రంగు ఉంటాయి గానీ సైలెన్సర్ గడి లేదు. కేంద్ర నిబంధనల్లో 120వది మాత్రం ప్రతి బండికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలంటుంది. అంటే పాడైన దాని స్థానంలో అదే పని చేసేది బిగిస్తే రిపేరు, డబ్బా తీసేసి ఉత్త పైపు పెడితే నేరం. శబ్దం పరిమితి దాటితే 190(2) కింద తొలిసారే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సు మూడు నెలలు పోతుంది. అనుమతి లేని మార్పుకు యజమాని మీద 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

చిక్కంతా ఇక్కడే. కొలిచే మీటరు లేకుండా చెవితో విని కేసు రాస్తే పాత ఇంజిన్ సహజంగా చేసే గరగర కూడా నేరంలాగే వినిపిస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపించినా లాభం లేదు, అది పొగ సంగతే చెప్తుంది, శబ్దం కొలవదు. మోత మీద కఠినంగా ఉండటం సరైనదే, కానీ కొలిచి రాయాలి.

యజమానులు కూడా ఉస్తాద్ మీద వదిలేసి చాయ్ తాగుతూ కూర్చుంటే కుదరదు. డబ్బా తీసేస్తే పవర్ పెరుగుతుందని చెప్తారు. డెబ్బై హార్స్‌పవర్ అటూ ఇటూ ఉండే ఈ ఇంజిన్లలో పెరిగేది దాదాపు శబ్దమే. అసలు చూడాల్సింది జాయింట్లు. మానిఫోల్డ్ దగ్గర గ్యాస్‌కెట్ కొత్తది వేయాలి, ఎక్కడా లీకు ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. టార్పాలిన్ కప్పిన జీపులో వెనక పిల్లలు కూర్చుంటారు, కాబట్టి పైపు చివర టార్పాలిన్ దాటి బయటికి రావాలి. చాలా పాత జీపుల్లో పెట్రోల్ ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. వేడి పైపు దానికీ, బ్రేకు పైపులకూ దూరంగా పోవాలి. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి పైపును చాసిస్‌కు నేరుగా వెల్డ్ చేస్తే పగులుతుంది, రబ్బరు హ్యాంగర్లు కావాలి.

ఇంకోటి, బిల్లు. గ్యారేజీల్లో చాలావరకు లెక్క నోటి మాటే. "పాత సైలెన్సర్ పాడైంది, అదే రకం బిగించాం" అని తేదీతో, బండి నంబరుతో కాగితం మీద రాయించుకుంటే కేసు కోర్టుకు వెళ్లినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. రేపు అధికారులు ఎవరు బిగించారని అడిగినా ఉస్తాద్‌కూ అదే ఆసరా.

తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ నిబంధనలు ఉన్నాయి. పాత నంబరు ఉన్న బండి అలాగే ఉంచుకోవచ్చు, కానీ చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మన దగ్గర ఎన్నో పెట్రోల్ జీపులకు ఎప్పుడో డీజిల్ ఇంజిన్ ఎక్కించేశారు. వాటికి అడ్డం సైలెన్సర్ కాదు, ఇంజినే. వింటేజ్ అయినా రోజువారీ తిరగడం కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతుల వరకే. మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంచుదామంటే, 20 ఏళ్లు దాటిన కార్లు, జీపుల రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 రూపాయలు అయింది.