పద్నాలుగు కాళ్ళ చిప్పూ, నలభయ్యారు వేల బిల్లూ

మొన్న మా ఆఫీసులో ఒకాయన టీవీ నుంచి ఆంప్లిఫయరుకి వేసే ఒకటిన్నర మీటరు డిజిటల్ కేబులు ఏడువేలు పెట్టి కొన్నాడు. "బేస్‌లో తేడా తెలుస్తోంది బాస్" అని మొహం వెలిగిపోతూ చెప్పాడు. ఈయన రోజంతా చేసే పని నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ మీద. ఆఫీసులో ఎవరైనా వచ్చి "మంచి కేబులు వేస్తే ఈమెయిల్లో అక్షరాలు ఇంకా అందంగా కనబడతాయి" అంటే నవ్వేవాడు. ఇంటికెళ్ళి సోఫాలో కూర్చోగానే ఆ బుర్ర ఎటు పోతుందో!

ఆయన డబ్బు ఆయనిష్టం, సరే. కానీ ఇదే జబ్బు నలుగురి డబ్బు మీద పడితే ఏమవుతుందో మా అపార్టుమెంట్లో చూశాను కాబట్టి ఈ గోల.

సంగతేంటంటే, 2023 అక్టోబరులో ప్రపంచకప్పు జరుగుతుండగా మా క్లబ్‌హౌస్‌లో పెద్ద టీవీ పెట్టారు. టీవీకి ఆప్టికల్ ఆడియో అవుట్‌పుట్ ఒక్కటే ఉంటుంది. శబ్దం మాత్రం నాలుగు చోట్లకి వెళ్ళాలి: హాల్లో ఆంప్లిఫయరు, పక్కన పిల్లల గది, పైన యోగా గది, రికార్డింగు కోసం ఓ కంప్యూటరు. "డిజిటల్ సిగ్నల్ కదా, విడగొట్టాలంటే ప్రత్యేకమైన డిస్ట్రిబ్యూషన్ యూనిట్ కావాలి" అని సరఫరాదారు కొటేషన్ ఇచ్చాడు. డబ్బాకి 34,000, 'డిజిటల్ గ్రేడ్' కేబుళ్ళకి 12,000. మొత్తం 46,000 రూపాయలు. ఆ ఏడాది అసోసియేషన్ దగ్గర మిగిలిన డబ్బు దాదాపు అంతే. దాంతో వాచ్‌మన్ గది స్లాబుకి వాటర్‌ఫ్రూఫింగ్ చేయిద్దామని వేసవిలోనే అనుకున్నాం. వానొస్తే ఆ గది కురుస్తుంది. ఆయనా, భార్యా, ఇద్దరు పిల్లలూ ఉండేది ఆ గదిలోనే.

నేను లేచి, "సార్, దీన్ని రెండువేల లోపు నేనే చేసిస్తాను" అన్నాను. మా సెక్రటరీగారు బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. "బాబూ, నువ్వు సాఫ్ట్‌వేరు కదా?" అన్నారు. అందరూ నవ్వారు. నా చేతిలో ఉన్నది ఈసీఈ డిగ్రీ అని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది. ఎందుకంటే అక్కడున్న తొమ్మిది మంది కమిటీ సభ్యుల్లో నలుగురిది ఈసీఈయే!

ఇంతకీ ఆ డబ్బాలో ఉండాల్సిన బ్రహ్మవిద్య ఏంటో చూద్దాం.

సోనీ, ఫిలిప్స్ కలిసి పెట్టిన పద్ధతి ఇది, పేరే ఎస్పీడిఫ్. ప్రమాణం పేరు ఐఈసీ 60958. ఆప్టికల్ దారి తోషిబా వాళ్ళది, 1983 నాటిది. ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ తీగలో ఎర్ర ఎల్ఈడీ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, అంతే. ఒక్కో శాంపిలుకి రెండు ఛానళ్ళకీ కలిపి 64 బిట్లు. టీవీ ఇచ్చేది 48 కిలోహెర్ట్జ్ కాబట్టి సెకనుకి 30,72,000 బిట్లు. బైఫేజ్ మార్క్ కోడింగ్ వల్ల మార్పులు అంతకి రెట్టింపు దాకా ఉండొచ్చు, అంటే సెకనుకి అరవై లక్షల పైచిలుకు. ఇరవై రూపాయల లాజిక్ చిప్పుకి ఇది లెక్కలోకి రాని పని.

ఇక్కడ ఇంకో సొగసుంది. ఈ కోడింగులో సమాచారమంతా మార్పుల్లోనే ఉంటుంది, పైకా కిందకా అన్నదానితో పనిలేదు. కాబట్టి సిగ్నల్ తిరగబడినా రిసీవరుకి పట్టదు. అంటే మామూలు ఇన్వర్టరు చిప్పు, మనం రెండో ఏడాది ల్యాబులో బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి మర్చిపోయిన 74హెచ్‌సి04, దీనికి సరిపోతుంది.

నేను చేసింది ఇదీ. టీవీ నుంచి వచ్చే ఆప్టికల్ తీగ ఒక రిసీవర్ మాడ్యూల్లోకి వెళ్తుంది. మూడు కాళ్ళుంటాయి, 5 వోల్టులిస్తే లాజిక్ స్థాయి సిగ్నల్ బయటికిస్తుంది. దాన్ని చిప్పులో ఉన్న ఆరు గేట్లలో నాలుగింటికి ఇచ్చాను. మిగిలిన రెండింటి ఇన్‌పుట్లు గ్రౌండుకి కట్టేశాను (సీమాస్ ఇన్‌పుట్‌ని గాల్లో వదలకూడదని మన సారు చెప్పే ఉంటారు, మనం వినుండం). ప్రతి గేటు అవుట్‌పుట్ దగ్గర వరసగా 330 ఓములు, అక్కణ్ణించి గ్రౌండుకి 91 ఓములు. గేటుకి సొంతంగా ఉండే కొన్ని పదుల ఓములు కలుపుకుంటే 5 వోల్టులు కాస్తా 75 ఓముల లోడు మీద దాదాపు అర వోల్టుగా దిగుతుంది. ప్రమాణం అడిగేదీ అదే. కేబులు వైపు నుంచి చూస్తే ఇంపెడెన్సు కూడా 75 దగ్గరే ఉంటుంది. లెక్క ఓమ్ సూత్రం దాటదు.

"ఈ చిప్పు కూడా ఎందుకు, వై ఆకారం జాయింటు పెడితే పోలా?" అంటారేమో. రెండు రిసీవర్లయితే అర వోల్టు కాస్తా 0.33 అవుతుంది, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. నాలుగయితే 0.2 వోల్టులకి పడిపోతుంది. రిసీవరు పట్టుకుని తీరాల్సిన కనీస స్థాయి సరిగ్గా అది. పైగా ఇంపెడెన్సు కుదరక తీగలో ప్రతిఫలనాలు. అందుకే గేటుకో దారి.

కేబులంటారా, ఆర్‌జి-6. అవునండీ, డిష్షు నుంచి సెటాప్ బాక్సుకి వచ్చే నల్లతీగే. దానిది 75 ఓములే. ముప్ఫై మీటర్లు వేసినా ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర పోయే సిగ్నల్ చాలా కొంచెం. అదే ప్లాస్టిక్ ఆప్టికల్ తీగ అయితే మామూలుగా పది మీటర్ల లోపే నమ్ముకోవాలి.

ఒక చిక్కు మాత్రం నిజమైనది. నాలుగు గదుల ఆంప్లిఫయర్ల గ్రౌండులు కేబులు జాలీ ద్వారా కలిసిపోతే హమ్ము రావచ్చు. దానికి ప్రతి అవుట్‌పుట్ దగ్గరా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, తర్వాత ఒక చిన్న పల్స్ ట్రాన్స్‌ఫార్మరు. అది ఎక్కణ్ణించి తెచ్చాననుకున్నారు? పాడైపోయిన 100 మెగాబిట్ నెట్‌వర్క్ కార్డుల్లోంచి. ఒక్కో కార్డులో పంపడానికొకటి, అందుకోవడానికొకటి, రెండుంటాయి. మన ఆఫీసుల్లో చెత్తలోకి పోయే సరుకు.

శనివారం పొద్దున్న కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి సామాను తెచ్చాను. రిసీవరు, చిప్పు, సాకెట్లు, బోర్డు, డబ్బా అన్నీ కలిపి 580 రూపాయలైంది. కేబులుకి 1,200. కరెంటు పాత ఫోను ఛార్జరుది.

మొదటిసారి పెట్టగానే టప్‌టప్‌మని మధ్యమధ్యలో ఆగిపోయింది. రెండు గంటలు తల పట్టుకున్నాక తెలిసింది, చిప్పు కరెంటు కాళ్ళ మధ్య పెట్టాల్సిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు మర్చిపోయాను. పదేళ్ళు కోడు రాసిన చెయ్యి మరి! అది పెట్టగానే సర్దుకుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. కంప్యూటరు ఆప్టికల్ అవుట్‌పుట్ నుంచి, మధ్యలో ఏ మిక్సరూ తగలకుండా, పది నిమిషాల వేవ్ ఫైలు పంపాను. నా డబ్బా, ముప్ఫై మీటర్ల డిష్షు తీగ దాటాక, వచ్చే సిగ్నల్ క్లాకునే పట్టుకునే సౌండ్‌కార్డుతో ఇంకో కంప్యూటర్లో రికార్డు చేశాను. మొదలు సరిపెట్టి రెండు ఫైళ్ళనీ పోల్చాను. ఛానలుకి 2,64,60,000 శాంపిళ్ళు. తేడా సున్నా. ఒక్క బిట్టు కూడా మారలేదు. ఇక బంగారం పూత వేసిన కేబులు వీటిలో దేన్ని బాగుచేస్తుంది?

జిట్టర్ మాటేమిటి అంటారు తెలిసినవాళ్ళు. న్యాయమైన ప్రశ్నే. బిట్లు సరిగ్గా రావడం వేరు, సమయానికి రావడం వేరు. రిసీవరు తన క్లాకుని ఈ సిగ్నల్లోంచే తీసుకుంటుంది కాబట్టి అంచులు కదిలితే క్లాకు కదులుతుంది. 1992లోనే క్రిస్ డన్, మాల్కమ్ హాక్స్‌ఫర్డ్ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో ఈ పద్ధతిలోనే లోపం ఉందా అని పేపరు చదివారు. కానీ దానికి మందు ఏడువేల తీగ కాదు. సరైన 75 ఓముల దారి, రిసీవరులో మంచి పీఎల్ఎల్. మొదటిది చవగ్గా దొరుకుతుంది, రెండోది మీరు కొన్న ఆంప్లిఫయరులోనే ఉంటుంది. క్రికెట్ వ్యాఖ్యానానికి జిట్టర్ గురించి బెంగపెట్టుకునేవాళ్ళతో నాకు వాదన లేదు.

ఇక మావాడొకడున్నాడు. "రేయ్, నీ గంట రేటెంత? రెండ్రోజులు దీనిమీద కూర్చుంటే నష్టం ఎవడికిరా?" అంటాడు. ఆ శనాదివారాల్లో నాకెవడూ గంట రేటు ఇవ్వట్లేదు నాయనా! ఆదివారం మూడు గంటలు ఏ ఫోను కొనాలో సమీక్షలు చూసినప్పుడు ఈ రేటు గుర్తుకురాదేం? ఆన్‌లైన్లో చవకరకం స్ప్లిటరు కొనుక్కుంటే అదీ తప్పు కాదు, నేనేం టంకం మతం పుచ్చుకోమనట్లేదు. లోపల ఏముందో తెలిసి కొనడం వేరు, తెలుసుకోవడానికి భయపడి కొనడం వేరు. సరఫరాదారు అమ్మింది ఆ భయాన్నే. తెలియనివాడు భయపడితే అర్థముంది. నాలుగేళ్ళు ఫీజులు కట్టి, ఇంపెడెన్సు మ్యాచింగ్ మీద పదహారు మార్కుల ప్రశ్న రాసి, పాసై వచ్చినవాళ్ళం మనమే భయపడితే ఎలా?

డబ్బా తీసుకెళ్ళి మీటింగులో పెట్టాను. నాలుగు గదుల్లోనూ పాట వినిపించాను. పోల్చిన ఫలితం చూపించాను. ఓటింగు పెట్టారు. నాకు నాలుగు, సరఫరాదారుకి అయిదు. "బాగానే ఉంది బాబూ, కానీ వారంటీ ఎవరిస్తారు?" అన్నారు సెక్రటరీగారు. ఆ ప్రశ్న తప్పని అనను. నేను ఇల్లు మారితే ఎవరు చూస్తారన్నది నిజమైన ఇబ్బందే. అందుకే సర్క్యూట్ గీసి డబ్బా మూతకి లోపల అంటించాను, విడి చిప్పులు రెండు పడేశాను. వాళ్ళు మూత తియ్యలేదు. అన్నట్టు ఆ నలుగురు ఈసీఈలలో నేనొకణ్ణి. మిగతా ముగ్గురూ అటే వేశారు. అది మాత్రం మింగుడుపడలేదు.

నవంబరు 19న ఫైనలు నలభయ్యారు వేల స్పష్టతతో వినిపించింది. ఓడిపోవడం కూడా చాలా స్పష్టంగానే వినిపించింది.

2025 సంక్రాంతికి ఆ డబ్బా ఆగిపోయింది. వారంటీ ఏడాదే, అయిపోయింది. బోర్డు మార్చాలి, 6,500 అవుతుందన్నాడు సరఫరాదారు. ఈసారి మూత నేనే విప్పాను. పోయింది బోర్డు కాదు, 5 వోల్టుల అడాప్టరు. పాత ఫోను ఛార్జరు తగిలిస్తే లేచి కూర్చుంది. ఇక లోపల చూద్దును కదా, ఓ ఆప్టికల్ రిసీవరు, కొన్ని రెసిస్టర్లు, మధ్యలో పద్నాలుగు కాళ్ళ చిప్పు. దాని మీద నంబరు గీకేసి ఉంది.

ఆ గీకుడు చూశాక సరఫరాదారు మీద నాకు కోపం రాలేదు. మనలాంటివాళ్ళు మూత తియ్యరని నమ్మి వ్యాపారం చేశాడు, ఏడాది పైన అతని నమ్మకమే గెలిచింది. 6,500 మిగిలింది కదా అని ఆ డబ్బు వాచ్‌మన్ గదికి అడిగాను. "వచ్చే బడ్జెట్లో చూద్దాం బాబూ" అన్నారు.

ఆ గది ఇంకా కురుస్తూనే ఉంది. మీ అపార్టుమెంట్లో కూడా ఇలాంటి కొటేషన్ ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. సంతకం పెట్టేముందు ఒక్కసారి, లోపల ఏముంటుందండీ అని అడగండి. అడగడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు. మీకు ఎలాగూ ఉంది.